నొప్పి ఉన్నదానికే మొదటి వంతు

ఆ సందులో ఉన్న ఆవులన్నీ పాలక్క వేళ్లకు కంఠస్థం. ఏ ఆవు చన్నులు పొట్టివి, ఏది కూర్చునే పక్క మారితే కాలు విసురుతుంది, ఏది దూడ మూతి తగలగానే పాలు చేపుతుంది, ఏది గంగడోలు గోకి బతిమాలితే తప్ప పాలు వదలదు అని అడిగితే ఆమె వెంటనే చెప్పలేదు. బకెట్టు పట్టుకుని పొదుగు కింద కూర్చుంటే మాత్రం వేళ్లు వాటంతట అవే చెబుతాయి.

కోత మిల్లు వెనక, రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సినంత ఇరుకు సందు అది. ఇరవై రెండు గడపల్లో ఎనిమిదింటికి ఆవులున్నాయి. ఒకరిది ఇస్త్రీ, ఒకరిది కుట్టుపని, ఒకరు మిల్లులో మోపులు కడతారు. ఎవరి పని వాళ్లకుంది, ఆవు పక్క ఆధారం. పితకడానికి కొందరికి తీరిక లేదు, కొందరికి చేతిలో పట్టు లేదు. అందువల్ల పాలక్క తెల్లవారుజామున అయిదింటికి సొంత ఆవుతో మొదలుపెట్టి, ఏడున్నరకల్లా ఆరిళ్లలో పదకొండు ఆవుల్ని పూర్తి చేస్తుంది. సాయంత్రం మళ్లీ అదే పని. ఇరవై ఆరేళ్లలో ఇది తప్పింది రెండే సార్లు: ఒకసారి ఆమెకు కామెర్లు వచ్చినప్పుడు, ఇంకోసారి తల్లి పోయినప్పుడు. ఆమెకు పెట్టిన పేరు ఒకటుంది గానీ దాంతో పిలిస్తే ఇప్పుడు ఆమె కూడా వెనక్కి తిరగదు.

పని నేర్పింది తల్లే. తొమ్మిదేళ్ల పిల్లను పొదుగు కింద కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పింది. దూడకు ఒక చన్ను వదలాలి. పొడి వేళ్లు ఆవుకు గరుకుగా తగులుతాయి కాబట్టి మొదటి ధార అరచేతిలోకి పిండుకుని వేళ్లు తడుపుకోవాలి. మూడోది, ఏ ఆవుకైనా పొదుగు నొప్పిగా ఉంటే ముందు దాన్ని పితికి, ఆ తర్వాతే మిగతా వాటి దగ్గరికి వెళ్లాలి. "ఇంట్లో జ్వరమొచ్చిన పిల్లకి ముందు పెట్టి ఆ తర్వాత మనం తింటామా, తినమా? దీనికీ అంతే. నోరు లేనిదాన్ని నొప్పితో నిలబెట్టి నువ్వు ఊరంతా తిరిగొస్తానంటే దానికి ఎలా ఉంటుంది?" అంది. పాలక్కకు ఈ మూడింట్లో మూడోదంటే ఎక్కువ ఇష్టం. పనిలో ఇంత దయకు చోటుండడం ఆమెకు చిన్నప్పుడే గొప్పగా తోచింది.

వైద్యుడి చేతికి వాడే మాట ఒకటి సందులోవాళ్లు ఆమె చేతికి వాడేవారు. పాలక్క హస్తవాసి మంచిదనేవారు. ఆవు ఈనితే మొదటి పితుకు ఆమె చేతే పడాలని కబురు పెట్టేవారు. ఆమె పితికిన ఆవు ఎక్కువ రోజులు పాలిస్తుందనీ, ఆమె తడిమితే గడ్డకట్టిన పొదుగు మెత్తబడుతుందనీ నమ్మకం. వెచ్చటి నీళ్ల కాపడం పెట్టి ఆమె ఓపిగ్గా పిండుతుంది గనుక నిజంగానే కొన్నిసార్లు మెత్తబడేది. ఇంటింటికీ తిరిగేటప్పుడు ఆమె భుజాన ఒక తెల్ల గుడ్డ ఉండేది. దాన్ని ఆమె రోజూ మరిగే నీళ్లలో ఉడికించి ఆరేసేది. పదకొండు పొదుగులూ ఆ గుడ్డతోనే తుడిచేది. మరకలేని ఆ గుడ్డ ఆమె పట్టింపుకు గుర్తు.

ఆమె భర్తకు సందు పెట్టిన పేరు వెన్నుపూస. మిల్లులో దుంగలు మోసి నడుము పట్టేసి పని మానేసినవాడు. పలకరించినవాళ్లందరికీ తన వెన్నుపూసల్లో ఎన్నోది పక్కకు జరిగిందో వేలు పెట్టి చూపిస్తాడు. ఇంట్లో కూర్చుని గడ్డి నరకడం, బకెట్లు తోమడం అతని వంతు.

"ఊళ్లో ఆవులన్నిటికీ హస్తవాసి పంచుతావు. నా నడుం దగ్గరికొచ్చేసరికి నీకు నిద్రొస్తుంది. నాకూ నాలుగు కాళ్లుంటే బాగుండేదే!"

"నాలుగు కాళ్లుంటే పాలివ్వమంటాను. అప్పుడు కూడా మీరు నడుం నొప్పే చెబుతారు."

ఆ యేడు వానలు ముదిరాక ఆమె సొంత ఆవు ఎర్రమచ్చకు కుడి వెనక చన్ను గట్టిపడింది. మొదటి ధారల్లో పెరుగు తునకల్లాంటివి రెండు మూడు పడ్డాయి. పాలక్క కంగారు పడలేదు. పూటకు రెండుసార్లు కాపడం పెట్టి, ఆ చన్నును చివరి బొట్టు వరకూ పిండింది. అయిదో రోజుకు తునకలు ఆగిపోయాయి. పాలు తెల్లగా, ధార సూటిగా వచ్చింది. బాగైపోయిందని భర్తతో చెప్పింది. అతను తన నడుము సంగతి మళ్లీ గుర్తుచేశాడు.

పన్నెండు రోజుల తర్వాత ఇస్త్రీ మావయ్య ఇంట్లో బోడిదానికి పొదుగు వాచింది. ఇస్త్రీ మావయ్యది సందు మొదట్లో ఇల్లు. బొగ్గుల పెట్టె ముందు నిలబడి నిలబడి మాట కూడా వేడెక్కిన మనిషి. బోడిది కొమ్ముల్లేని సాధువు, పిల్లలు కింద దూరినా కదిలేది కాదు. అలాంటిది ఇప్పుడు దూడ మూతి పెట్టగానే తన్నింది. పొదుగు వెనక సగం ఎర్రబడి, చెయ్యి పెడితే కాలేలా ఉంది. మేత ముందున్నా నెమరు లేదు. పాలు పితికితే ముందు తునకలు, ఆ తర్వాత పలచటి పసుప్పచ్చ నీళ్లు వచ్చాయి. పాలక్క మర్నాటి నుంచి వరుస మార్చి తన ఆవు కన్నా ముందు బోడిదాని దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది.

"నా ఇంటి కోసం నీ ఆవును ఆపుకున్నావు. నువ్వు మనిషివే తల్లీ," అన్నాడు ఇస్త్రీ మావయ్య.

అక్కడి నుంచి వాపు ఇల్లు దాటింది. వారానికో కబురు. డ్రిల్లు మాస్టారి రెండో ఆవు. ఆ పక్కింటి ముసలావు. దానికి జ్వరమొచ్చి మూడు రోజులు లేవలేదు, లేచాక ఒక చన్ను శాశ్వతంగా ఎండిపోయింది. వాపు వచ్చిన ప్రతి ఇంటినీ పాలక్క వరుసలో ముందుకు తెచ్చుకుంది. నొప్పి ఉన్నవి ఎక్కువయ్యేసరికి అయిదింటికి మొదలుపెట్టడం చాలక నాలుగున్నరకే మొదలుపెట్టేది. మంచి ఆవుల దగ్గరికి చేరేసరికి ఆమె మణికట్లు లాగేసేవి.

పాల కేంద్రంలో తూకం మాస్టారు ఒకరోజు సందు పాలను పక్కన పెట్టేశాడు. "మీ పాలు వేడి చేస్తే విరిగిపోతున్నాయమ్మా. ఒక ఇంటివైతే సరే, నాలుగిళ్లవి. నేను కలిపితే మొత్తం పాడవుతుంది. డాక్టర్ని పిలిపించుకోండి."

సందులో ఎవరికి తోచింది వాళ్లన్నారు. కొత్తగా తెచ్చిన తవుడు బస్తాలది తప్పన్నారు కొందరు, మిల్లు పొట్టు పడిన గడ్డిదన్నారు ఇంకొందరు. పాలక్క కూడా తవుడునే అనుమానించింది. ఒక్క సంగతి మాత్రం ఆమెకు కొరుకుడు పడలేదు. మిల్లు కాపలాదారు రెండు ఆవులూ అదే తవుడు తిని, అదే గడ్డి మేసి, అదే కుళాయి నీళ్లు తాగి నిక్షేపంగా ఉన్నాయి. కాపలాదారు ఎవర్నీ పిలవకుండా తనే పితుక్కుంటాడు. అతను పితుకుతుంటే చూసి పాలక్క ఒకప్పుడు పదిమందిలో, "గొళ్లెం ఊడదీస్తున్నాడా, పాలు తీస్తున్నాడా?" అని నవ్వించింది. అప్పటి నుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. పాతికేళ్లు దాటని పిల్ల, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పాలక్కతో కలిసి ఇల్లిల్లూ తిరిగింది. ఆమె చేతిలో పిడి ఉన్న తెల్లటి పలక, దానికి నాలుగు గుంటలు. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండు ధారలు పిండించి, పైన ఊదారంగు మందు పోసి, పలకను గుండ్రంగా తిప్పేది. మంచి పాలు నీళ్లలా తిరిగేవి. చెడ్డవి గుడ్డు తెల్లసొనలా సాగి, గుంట మధ్యలో ముద్దకట్టేవి. వాపు కనిపించే ఆవులు నాలుగే. ముద్దకట్టినవి ఏడు. పైకి ఏమీ లేకుండా, తెల్లటి పాలిస్తూ, లోపల జబ్బు మోస్తున్నవి మూడున్నాయి. ఆ మూడింట్లో ఒకటి ఎర్రమచ్చ.

"ఇది బాగైపోయిందమ్మా. ముందొచ్చింది దీనికే, నేనే బాగుచేశాను," అంది పాలక్క.

డాక్టరమ్మ పలక వంచి చూపించింది. కుడి వెనక చన్ను పాలు గుంటలోంచి కిందికి జారకుండా అలాగే అతుక్కున్నాయి. "వాపు తగ్గింది. పురుగు పోలేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవి అది. పొదుగు లోపల దాక్కుంటుంది. పాలతోపాటు రోజూ కాస్త బయటికొస్తుంది."

కాపలాదారు ఆవులకు కూడా పరీక్ష చేసింది. ఎనిమిది గుంటల్లోనూ పాలు నీళ్లలా తిరిగాయి.

పాలక్క ఇంటి వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ కాగితం తీసింది. ఏ ఆవుకు ఏ తేదీన వాచిందో అంతకుముందే ఇల్లిల్లూ అడిగి రాసుకుంది. "ఇప్పుడు మీరు చెప్పండి. ఏ వరుసలో పితుకుతారు?"

పాలక్క ఉత్సాహంగా వేళ్లు మడిచింది. "మామూలుగా అయితే ముందు మాది, తర్వాత ఇస్త్రీ మావయ్యది. బోడిదానికి వాచాక దాన్ని ముందు పితికి, అక్కడి నుంచి మాది, డ్రిల్లు మాస్టారివి. మాస్టారి రెండోదానికి వచ్చాక బోడిది, మాస్టారిది ముందు చూసుకుని, అటునుంచి ఆ పక్కింటి ముసలా..."

ఆగిపోయింది. మడిచిన వేళ్లను తిరిగి విప్పింది. మళ్లీ మడిచింది. కాగితం మీద డాక్టరమ్మ రాసుకున్న తేదీలూ, తన నోటి వెంట వచ్చిన వరుసా ఒకటే. ముందు జబ్బు చేసిన ఆవు దగ్గర లేచి తను ఎవరి పొదుగు కింద కూర్చుందో, ఆ వారం జబ్బు ఆ ఇంటికే వచ్చింది. జబ్బు ఆమె వెనకే నడిచింది.

"గుడ్డ రోజూ ఉడకబెడతానమ్మా," అంది చివరికి.

"ఉడకబెడతారు. మొదటి ఆవును తుడిచేదాకా అది శుభ్రమే. అక్కడి నుంచి పదకొండో ఆవు దాకా అదే గుడ్డ. మొదటి ధారతో వేళ్లు తడుపుకుంటున్నారు. జబ్బు ఎక్కువుండేది ఆ ధారలోనే." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీరు కావాలని చేసింది కాదు. చాలాచోట్ల ఇలాగే జరుగుతుంది. పద్ధతి మారిస్తే ఆగుతుంది. మంచివాటిని ముందు పితకాలి, జబ్బువాటిని ఆఖర్న. ఆవుకో గుడ్డ. ఆవు ఆవుకీ మధ్య సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పొడి వేళ్లతో పితకాలి, అయ్యాక చన్నులు మందులో ముంచాలి. ఏడింటికీ నేను చన్నులోకి ఎక్కించే మందిస్తాను. కొన్ని కోలుకుంటాయి. కొన్నిటికి ఆ చన్ను పోతుంది. మీ ఎర్రమచ్చది అనుమానమే."

"ఇది అందరికీ చెబుతారా?"

"చెప్పాలిగా. రేపు అందర్నీ పిలిచి చెబుతాను."

"రెండ్రోజులు ఆగండమ్మా. నేను చెప్తాను. నా నోటితో చెప్తాను."

డాక్టరమ్మ ఒక్క షరతు పెట్టింది. వరుస ఆ సాయంత్రమే మారాలి, కొత్తగా ఈనిన ఆవును మాత్రం పాలక్క అస్సలు ముట్టకూడదు. అలాంటి ఆవు ఒకటి సందులో ఈనడానికి సిద్ధంగా ఉందని పాలక్కకు తెలుసు. సందు చివర కుట్టు వదిన ఇంట్లో చిన్నమచ్చ తొలిచూలుది. ఎర్రమచ్చకు పుట్టిన దూడే. కుట్టు వదినకు సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు కూతురి కళ్లు కావాలి. మిషను మానేసి ఈ ఆవు మీద బతుకుదామని రెండేళ్లు పెంచింది.

వెన్నుపూస అంతా విని గడ్డి నరకడం ఆపాడు.

"చెప్పకు."

"చెప్పకుండా ఎలా?"

"పద్ధతి మార్చేశావా? మార్చేశావు. ఇంక జబ్బు ఆగుతుంది. ఆగేదానికి మళ్లీ నువ్వెళ్లి 'నేనే అంటించాను' అని డప్పు కొట్టడం దేనికి? రేపట్నుంచి నిన్ను గుమ్మం ఎక్కనిస్తారా? నా నడుం సంగతి సరే, నీ చేతులు కూడా ఇంట్లో కూర్చుంటే మనిద్దరం ఒకర్నొకరం చూసుకుంటూ కూర్చోవాలి."

"ముసలావుకి చన్ను పోయింది. దాన్ని నేను ఎంత జాగ్రత్తగా పిండానో మీకు తెలుసా? రోజూ ముందు దాని దగ్గరికే వెళ్లేదాన్ని."

"అందుకే చెప్పకంటున్నా. జాలిపడి చేసిన పనికి క్షమాపణ ఎవడు చెబుతాడే?"

ఆమె లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. కాసేపటికి మళ్లీ కడుక్కుంది. తల్లి మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. తల్లి రోజుల్లో ఆవులు ఒకే పెరట్లో మూడుండేవి. ఇంటింటికీ నడిచింది తను.

భర్త చెప్పిన దారిలోనే ఒకటిన్నర రోజు నడిచి చూసింది. వరుస తిరగేసింది. ఇంటికో సంచీలో ఆవుకో గుడ్డ పెట్టుకుంది, సబ్బు పట్టుకెళ్లింది. మంచి ఆవులున్న చివరిళ్ల వాళ్లు ఆశ్చర్యపడి ఊరుకున్నారు. మొదటి రోజు పొద్దున ఇస్త్రీ మావయ్య ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. బోడిది అరుస్తోంది. దాని పొదుగు బిగిసి, చన్నులు పక్కలకు నిక్కి ఉన్నాయి.

"దారి తప్పావా అమ్మాయ్? నిన్నటిదాకా నాలుగున్నరకి తలుపు కొట్టేదానివి. మా ఆవు పాలు కేంద్రంలో పనికిరాకుండా పోయేసరికి మా ఇల్లు కూడా పనికిరాకుండా పోయిందా?"

"అలా కాదు మావయ్యా. డాక్టరమ్మ చెప్పింది..."

"ఏం చెప్పింది? జబ్బుదాన్ని ఎండబెట్టమందా? మంచి పాలున్న ఇళ్లన్నీ చూసుకుని, ఎంగిలి పూటకి మా ఇంటికొచ్చావు. మీ అమ్మ ఉంటే నీకు బుద్ధి చెప్పేది."

తల్లి పేరెత్తేసరికి పాలక్కకు తల కొట్టేసినట్టయింది. చెబుదామని నోరు తెరిచింది. బోడిది మళ్లీ అరిచింది. మాట మింగి పొదుగు కింద కూర్చుంది. ఆవు వణుకుతూ నిలబడింది గానీ ఆమెను తన్నలేదు.

ఆ సాయంత్రానికి మాట సందంతా పాకింది. పాలక్కకు కళ్లు నెత్తికెక్కాయన్నారు. జబ్బు చేసిన ఇళ్లంటే చిన్నచూపన్నారు. ఇరవై ఆరేళ్లలో ఆమెను ఎవరూ ఆ మాట అనలేదు. తను దాస్తున్నదాని కన్నా తన మీద పడ్డ మాట చిన్నది. అయినా దాన్ని తుడుచుకోవాలంటే దాస్తున్నదాన్ని బయట పెట్టాలి. పెట్టకపోతే ఇస్త్రీ మావయ్యే బోడిదాన్ని ముందు పితికించుకోవడానికి ఇంకెవర్నో పిలుస్తాడు. ఆ ఇంకెవరో బోడిదాని దగ్గర లేచి నేరుగా పక్కింటికి వెళతారు.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి కుట్టు వదిన కూతురు పరిగెత్తుకొచ్చింది. "అత్తా, చిన్నమచ్చ ఈనింది! పెయ్యదూడ! అమ్మ నిన్ను వెంటనే రమ్మంటోంది!"

పాలక్క అప్పుడు ఇస్త్రీ మావయ్య వాకిట్లో ఉంది. మధ్యాహ్నం పూట బోడిదానికి కాపడం పెట్టి, అతని బకెట్టు కడిగి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఆ బకెట్టుతోనే ఆమె కదిలింది. దూడ పుట్టిందని విని అతను కూడా ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వెనకాలే వచ్చాడు. కోపమున్నా కొత్త దూడను చూడకుండా ఉండలేని మనిషి.

కుట్టు వదిన పెరట్లో అప్పటికే నలుగురైదుగురు చేరారు. రేకుల కింద చిన్నమచ్చ దూడను నాకుతోంది. నున్నటి చిన్న పొదుగు, ఇంకా ఎవరి చెయ్యీ పడనిది, ముర్రుపాలతో బిగిసి మెరుస్తోంది. వదిన కొత్త బకెట్టు, పీట వేసి సిద్ధంగా ఉంచింది.

"రా వదినా, రా. నీ కోసమే ఆపాను. దూడ కూడా ఆగలేకపోతోంది. నీ చెయ్యి పడితే చాలు, ఇంక నా ఇల్లు..."

పాలక్క పెరటి గేటు దగ్గరే ఆగిపోయింది. "నువ్వే పితుకు వదినా. నేను ముట్టను."

వదిన మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. "అదేంటి? శుభమా అని ఈనితే ఆ మాటేంటి? నా మీద కోపమా?"

"చూశారా? నేనన్నది ఇదే," అన్నాడు ఇస్త్రీ మావయ్య. "ఇప్పుడు మంచి ఆవులు కూడా కంటికి ఆనటం లేదు మహారాణికి."

"మావయ్యా, ఒక్క నిమిషం నన్ను చెప్పనివ్వు," అంది పాలక్క. "తవుడు కాదు, గడ్డీ కాదు. ముందొచ్చింది మా ఎర్రమచ్చకి. బాగైందనుకున్నాను, కాలేదు. దాని పొదుగు పట్టుకున్న చేత్తోనే మీ బోడిదాన్ని పట్టుకున్నాను. బోడిదాన్ని తుడిచిన గుడ్డతోనే మాస్టారి ఆవుని తుడిచాను. నొప్పి ఉన్నదాని దగ్గరికి ముందెళ్లి, అక్కడి నుంచి లేనిదాని దగ్గరికి పట్టుకెళ్లాను. కాపలాదారు ఆవుల్ని నేను ముట్టలేదు, వాటికి రాలేదు. మిగతా ఆరు ఆవులకీ నా చేత్తోనే పాకింది. ఇప్పుడు ఈ చెయ్యి దీని మీద పెట్టమంటావా వదినా?"

దూడ లేవబోయి ముందుకాళ్ల మీద కూలబడింది.

"అంటే నా బోడిదానికి..." ఇస్త్రీ మావయ్య సగంలో ఆగాడు.

"అవును మావయ్యా."

అతను కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తిడతాడేమోనని పాలక్క ఎదురుచూసింది, తిడితే బాగుండుననుకుంది. అతను దగ్గరికొచ్చి, ఆమె చేతిలోని తన బకెట్టును మెల్లగా తీసుకుని సందులోకి వెళ్లిపోయాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు వెళ్లారు.

కుట్టు వదిన ఆవు వైపు చూసింది, పాలక్క చేతుల వైపు చూసింది. "దీన్ని ముట్టుకున్నావా ఎప్పుడైనా? పొద్దున్న గానీ, నిన్న గానీ?"

"నీ ఇంటికి రాలేదు వదినా. వారమైంది."

"ఒట్టేనా?"

"నీ కూతురి మీదొట్టు అనను. నిజం చెబుతున్నా."

వదిన పమిట బిగించి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. కూతురు ఉతికిన కొత్త గుడ్డ ముక్క తెచ్చింది. వదిన పొదుగు తుడిచి పీట మీద కూర్చుంది. ఆమె వేళ్లకు గుడ్డ తెలుసు గానీ చన్ను తెలియదు. బొటనవేలు, చూపుడువేలితో గిల్లినట్టు లాగింది. చిన్నమచ్చ కాలెత్తింది.

"సూది పట్టుకున్నట్టు పట్టుకోకు," అంది పాలక్క గేటు అవతలి నుంచి. "పిడికిలంతా వెయ్యి. పైన బిగించు, పాలు పైకి పోకుండా. ఇప్పుడు ఒక్కో వేలూ కిందికి మూసుకుంటూ రా. లాగకు, మూయి."

"మూస్తున్నాగా!"

"లాగుతున్నావు. భుజం కదులుతోంది. భుజంతో పనిలేదు. మొదటి రెండు ధారలూ ఆ గిన్నెలోకి పోసి చూడు, తునకలున్నాయా?"

"లేవు. పచ్చగా, చిక్కగా ఉన్నాయి."

"అవి ముర్రుపాలు, అలాగే ఉంటాయి. చేతికి రాసుకోకు. ఊఁ, ఇప్పుడు బకెట్లోకి."

సన్నటి ధార ఒకటి బకెట్టు అంచుకు తగిలి, రెండోది నేల మీద పడి, మూడోది లోపలికి చేరింది. పాలక్క చెయ్యి తనకు తెలియకుండానే గేటు మీదికి లేచింది. దాన్ని కిందికి దించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. అరగంట నిలబడి నోటితో పితికించింది. ఆమెకైతే ఆరు నిమిషాల పని. అయ్యాక మందులో చన్నులు ముంచడం ఎలాగో, మేత వేసి ఆవును కాసేపు పడుకోనివ్వకుండా ఎందుకు నిలబెట్టాలో చెప్పింది. చన్ను రంధ్రం మూసుకునే లోపు అది పేడలో పడుకుంటే చేసిందంతా వృథా అంది.

వదిన లేచి నడుం పట్టుకుంది. కృతజ్ఞతా లేదు, తిట్టూ లేదు ఆమె మొహంలో. "రేపు పొద్దున కూడా రా. నాకింకా పట్టు రాలేదు." బకెట్టు ఎత్తుకుంటూ, "అక్కడే నిలబడు కానీ," అంది.

"అక్కడే నిలబడతాను."

సాయంత్రం పితికే వేళ కావస్తోంది. డాక్టరమ్మ పరీక్షలో నిలిచిన మంచి ఆవులు నాలుగున్నాయి. వాటిలో మొదటిది మోపులు కట్టే అతని ఇంట్లో ఉంది. సంచీలో గుడ్డలు, సబ్బు, చన్నులు ముంచే మందు గ్లాసు సర్దుకుని పాలక్క అటు నడిచింది. అతని భార్య ఇందాక వదిన పెరట్లోంచి వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకతె. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంటి గేటు గడియ పాలక్కే తీసుకుని నేరుగా కొట్టంలోకి వెళ్లేది. ఇవాళ గడియ మీద చెయ్యి వేయకుండా బయటే నిలబడి, "రావచ్చా?" అని అడిగింది.